3.5 ఆటలోని తొమ్మిది గళ్ళు, ఏథెన్స్ సభలోని ఇద్దరు వక్తలు

ప్రాచీన గ్రంథాలు చదివేటప్పుడు ‘ఇతడు మంచివాడా, చెడ్డవాడా?’ అన్న ప్రశ్న మనకు తెలియకుండానే మనసులో మెదులుతుంది. ఆ ప్రశ్నను అణచుకోనక్కరలేదు. కాని దాన్ని కాస్త పద్ధతిగా అడగడం నేర్చుకోవాలి. అందుకు ఒక ఆటలోని పట్టిక ఎంతవరకు సహాయపడుతుందో, ఎక్కడ అది చేతులెత్తేస్తుందో ఈ విభాగంలో పరిశీలిద్దాం.

పట్టిక స్వరూపం

రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ప్రతి ఆటగాడూ ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్రగా మాట్లాడుతూ, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటాడు. ఇలాంటి ఆటల్లో ప్రసిద్ధమైన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని రూపకర్తలు. పాత్ర నైతిక వైఖరిని ఈ ఆటలో ‘అలైన్‌మెంట్’ అంటారు. మొదట్లో క్రమం, తటస్థత, అరాచకం అని మూడే వైఖరులు ఉండేవి. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ అనే రచయితల కాల్పనిక కథల నుంచి ఈ విభజన వచ్చింది. తరువాత దీనికి మంచి, తటస్థత, చెడు అనే రెండో అక్షాన్ని చేర్చారు. మూడు మూళ్ళు తొమ్మిది గళ్ళు అయ్యాయి. ‘లాఫుల్ గుడ్’ అంటే నియమబద్ధుడైన మంచివాడు. ‘కేయాటిక్ గుడ్’ అంటే నియమాలను లెక్కచేయని మంచివాడు. ‘లాఫుల్ ఈవిల్’ అంటే నియమాలను పాటిస్తూనే చెడు చేసేవాడు. మిగిలిన గళ్ళను మీరే ఊహించుకోగలరు.

ఈ పట్టికలో మనకు పనికొచ్చే అంశం ఒకటే. నియమాన్ని పాటించడం వేరు, మంచి చేయడం వేరు అని అది రెండు గీతలుగా గీసి చూపుతుంది. తెలుగు విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ‘లాఫుల్’ అనగానే మనకు ‘ధర్మబద్ధం’ అన్న మాట తోస్తుంది. కాని మన ‘ధర్మం’లో నియమమూ మంచీ కలిసే ఉన్నాయి. ఆ మాట వాడితే రెండు గీతలూ ఒక్కటైపోతాయి, పట్టిక వల్ల ప్రయోజనం ఉండదు. గ్రీకుల ‘నోమోస్’తోనూ చిక్కే. దానికి చట్టమనీ అర్థం, ఆచారమనీ అర్థం. కాబట్టి ఈ పాఠంలో ‘నియమబద్ధం’ అనే చప్పటి మాటనే వాడుతున్నాం.

ఎవరి నియమం, ఎవరి మంచి?

క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోన్‌ను పాలించిన హమ్మురాబి శాసనాన్ని చూడండి. పారిపోయిన బానిసను ఇంట్లో దాచిపెట్టి, దండోరా వేసినా బయటికి అప్పగించని గృహస్థుకు ఆ శాసనం మరణశిక్ష విధించింది. పారిపోయిన బానిసను పట్టుకుని యజమానికి అప్పగించినవాడికి రెండు షెకెళ్ళ వెండి ఇప్పించింది. బానిసను అప్పగించి వెండి తీసుకున్న బాబిలోనియా పౌరుణ్ణి ఏ గడిలో పెడతారు? ఆ ఊరివాళ్ళ దృష్టిలో అతడు నియమబద్ధుడు, బహుశా మంచివాడు కూడా. మన దృష్టిలో అతడు నియమబద్ధుడే, కాని మంచి గడిలో అతడికి చోటు లేదు.

హోమర్ కావ్యనాయకుడు ఒడిస్సియస్ విషయమూ ఇంతే. ఇరవై ఏళ్ళకు ఇల్లు చేరి, తన ఇంట్లో తిష్ఠవేసి తన ఆస్తి తింటూ భార్యను వేధిస్తున్న వాళ్ళను చంపుతాడు. అతిథి మర్యాదను మంటగలిపినవాళ్ళకు తగిన శిక్ష పడిందని కావ్యం భావిస్తుంది. కాని ఆ వెంటనే, వాళ్ళతో కలిసిన పన్నెండుమంది దాసీలను కూడా చంపమంటాడు. కొడుకు టెలిమాకస్ వాళ్ళను ఉరితీస్తాడు. బానిస స్త్రీలకు ‘కాదు’ అనే స్వేచ్ఛ ఎంత ఉండేదో మీరే ఆలోచించండి.

అందుకని పట్టికను రెండుసార్లు నింపాలి. మొదట ఆ సమాజం కొలతతో, తరువాత మన కొలతతో. రెండుసార్లూ పాత్ర ఒకే గడిలో పడితే నేర్చుకోవలసింది తక్కువ. వేర్వేరు గళ్ళలో పడినప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. అయితే ‘ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు’ అని తేల్చేయకండి. అది తరచు అబద్ధం. బానిసత్వం ప్రకృతి విరుద్ధమని కొందరు వాదిస్తున్నారని అరిస్టాటిలే తన ‘రాజనీతి’ గ్రంథంలో ప్రస్తావించి, వాళ్ళకు సమాధానం చెప్పబోయాడు. అంటే కాదన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. మనం ‘ఆ కాలపు కొలత’ అంటున్నది చాలాసార్లు గెలిచినవాళ్ళ కొలతే.

మిటిలీనీ: ఒక రాత్రి, రెండు ఓడలు

ఈ పద్ధతికి గట్టి పరీక్ష పెట్టే ఘట్టం థూసిడైడిస్ రాసిన పెలొపొనీషియన్ యుద్ధ చరిత్ర మూడో భాగంలో ఉంది. లెస్బోస్ దీవిలోని మిటిలీనీ నగరం క్రీ.పూ. 428లో ఏథెన్స్‌పై తిరుగుబాటు చేసి, మరుసటి ఏడు లొంగిపోయింది. ఏథెన్స్ పౌరసభ కోపంతో ఊగిపోయి, వయసొచ్చిన మగవాళ్ళందరినీ చంపి స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలని తీర్మానించింది. ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. తెల్లవారేసరికి చాలామందికి మనసు కుదుటపడలేదు. తిరుగుబాటు చేసినవాళ్ళతో పాటు నగరం మొత్తాన్నీ చంపడమా? సభ మళ్ళీ కూడింది.

తీర్మానం ప్రతిపాదించిన క్లియాన్ ముందు మాట్లాడాడు. అతడి వాదనలో నియమమే ఆయువుపట్టు. లోపమున్న చట్టాలైనా సరే, మార్చకుండా అమలు చేసే నగరమే బలంగా ఉంటుందంటాడు. నిన్న చేసిన తీర్మానాన్ని ఇవాళ తిరగదోడడం బలహీనత అంటాడు. అంతేకాదు, మిటిలీనీవాళ్ళు ఏథెన్స్‌కు అన్యాయం చేశారు కాబట్టి ఈ శిక్ష న్యాయమైనదేనంటాడు. ఇద్దరు వక్తల్లో న్యాయం పేరు గట్టిగా ఎత్తినవాడు ఇతడే.

అతడికి బదులిచ్చిన డయోడోటస్ న్యాయం మాటను పక్కకు నెట్టేశాడు. మనం కోర్టులో కూర్చోలేదు, మిటిలీనీ మనకెలా ఉపయోగపడుతుందో ఆలోచిస్తున్నాం అంటాడు. మరణశిక్ష భయంతో మనుషులు తప్పులు మానలేదంటాడు. లొంగినా చావే అని తెలిస్తే రేపు తిరగబడే నగరం చివరిదాకా పోరాడుతుంది, అప్పుడు మనకు మిగిలేది శిథిలాలే, అక్కడ కప్పం కట్టేదెవరు? సామాన్య ప్రజలను కూడా చంపితే ఇతర నగరాల్లో మనవైపున్న ప్రజలూ దూరమవుతారు. జాలిపడమని అతడు అడగనే లేదు.

ఇప్పుడు గళ్ళు నింపండి. క్లియాన్ నియమబద్ధుడు, కాని నగరమంతటినీ చంపమంటున్నాడు. డయోడోటస్ వేలమందిని కాపాడాడు, కాని లాభనష్టాల లెక్కతో. ఆట నియమాల ప్రకారం ‘మంచి’ గడికి పరుల ప్రాణాలపై మమకారం ఉండాలి. అది డయోడోటస్ నోట వినిపించదు. అతణ్ణి తటస్థుల గడిలో పెట్టి ఊరుకుందామా? తొందరపడకండి. అదే ప్రసంగంలో అతడొక విచిత్రమైన మాట అంటాడు. ఈ నగరంలో మేలు చెప్పేవాడు కూడా నమ్మించడానికి అబద్ధమాడక తప్పదట. అంటే జాలిని దాచుకుని లాభం భాష మాట్లాడుతున్నాడా? కోపంగా ఉన్న సభలో జాలి పేరెత్తితే ఓడిపోతానని తెలిసినవాడా? గ్రంథం చెప్పదు. నా మటుకు నాకు అతడు పైకి కనిపించేంత లెక్కలమనిషి కాడనిపిస్తుంది. మీరు వేరేగా అనుకోవచ్చు, ఆధారం చూపితే చాలు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. ప్రసంగాలను అక్షరం అక్షరం గుర్తుంచుకోవడం సాధ్యం కాలేదని, సందర్భానికి తగినట్టు రాశానని థూసిడైడిసే ఒప్పుకున్నాడు. పైగా క్లియాన్ అంటే అతడికి గిట్టదు. కాబట్టి మనం గడిలో పెడుతున్నది థూసిడైడిస్ చిత్రించిన క్లియాన్‌ను.

చేతులెత్తి ఓటువేస్తే దాదాపు సరిసమానంగా వచ్చి, డయోడోటస్ స్వల్ప తేడాతో గెలిచాడు. వెంటనే రెండో ఓడ బయలుదేరింది. మొదటి ఓడ అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. మిటిలీనీ దూతలు ఓడవాళ్ళకు ద్రాక్షసారా, బార్లీ పిండి ఇచ్చి, వేళకు చేరితే బహుమానం ఇస్తామన్నారు. తెడ్లు వేసేవాళ్ళు సారాలోనూ నూనెలోనూ కలిపిన పిండి తింటూనే తెడ్లు వేశారు, వంతులవారీగా నిద్రపోయారు. అదృష్టవశాత్తు ఎదురుగాలి లేదు. మొదటి ఓడవాళ్ళు ఆ దారుణమైన పనికి తొందరపడకుండా నెమ్మదిగా వెళ్ళారు. ఏథెన్స్ సేనాని పాకీస్ మొదటి ఆజ్ఞను చదివి అమలు చేయబోతుండగా రెండో ఓడ రేవు చేరింది.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. తిరుగుబాటు నాయకులుగా ఏథెన్స్‌కు పంపినవాళ్ళను క్లియాన్ ప్రతిపాదనపై చంపారు. వాళ్ళు వెయ్యిమందికి కొంచెం ఎక్కువని థూసిడైడిస్ లెక్క. దీవిలోని భూమిని, మిథిమ్నా నగరానిది తప్ప, 3000 భాగాలు చేసి 300 దేవతలకు కేటాయించారు. మిగిలిన 2700 ఏథెన్స్ పౌరులకు దక్కాయి. ఆ భూములను అక్కడివాళ్ళే దున్ని, ఒక్కో భాగానికి ఏటా రెండు మినాల వెండి కౌలు కట్టారు. డయోడోటస్ చెప్పిన లాభం ఏథెన్స్‌కు ముట్టింది.

అభ్యాసం

1. హమ్మురాబి శాసనంలోని బానిసను దాచిన గృహస్థును రెండు కొలతలతోనూ గళ్ళలో పెట్టి, మీ కారణాలను పది వాక్యాల్లో రాయండి.

2. మొదటి ఓడలో తెడ్లు వేసినవాళ్ళు ఆజ్ఞను ధిక్కరించలేదు, ఓడను వెనక్కి తిప్పలేదు, నెమ్మదిగా మాత్రం వెళ్ళారు. వాళ్ళను ఏ గడిలో పెడతారు? రెండో ఓడ ఆలస్యమై ఉంటే మీ జవాబు మారుతుందా?