ఊరెళ్తూ మెయిన్ ఆఫ్ చేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు అందరం ఏం చేస్తాం? మెయిన్ ఆఫ్ చేసి, తలుపుకి పెద్ద తాళం వేస్తాం. ఈ రెండూ దొంగకి పనికొచ్చేవే. ఎలాగో చూద్దాం.

మెయిన్ ఆపితే కెమెరాకి కరెంటు ఉండదు, వైఫై ఉండదు, మీ ఫోన్‌కి అలర్ట్ రాదు. అందుకే గీజర్, ఏసీ, మోటార్ విడివిడిగా ఆపండి. కెమెరా, రౌటర్ లైన్ మాత్రం ఉంచండి. రికార్డింగ్ బాక్స్ టీవీ పక్కన పెట్టకండి. దొంగ దాన్నీ పట్టుకుపోతే సాక్ష్యం కూడా పోయినట్టే.

బయటికి కనిపించే తాళం కన్నా తలుపులోనే ఉండే సెంట్రల్ లాక్ మేలు. గుమ్మం ముందు పోగైన పేపర్లు, పండగపూట ముగ్గు లేని వాకిలి కూడా "ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పేస్తాయి. పేపరు, పాలు ఆపించి, పక్కింటివాళ్లకి ఓ మాట చెప్పండి. స్టేటస్ ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

బంగారం లాకర్‌లో పెట్టండి. అయితే 2022 జనవరి నుంచి ఉన్న ఆర్‌బీఐ రూల్ తెలుసా? అక్కడ చోరీ జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి 100 రెట్లే. అద్దె 3000 అయితే 3 లక్షలు, అంతే. నగల ఫోటోలు, బిల్లులు దాచుకోండి.

ఆంధ్రాలో అయితే ఎల్‌హెచ్‌ఎంఎస్ కింద పోలీసులే ఇంట్లో ఉచితంగా కెమెరా పెడతారు, మీ స్టేషన్‌లో అడగండి. తెలంగాణలోనూ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి.

తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. దేన్నీ ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి. వస్తువులు మళ్లీ కొనుక్కోవచ్చండీ, ముందు మీరు జాగ్రత్త.