ముఖమునకు ఎండపూత

సదుం ప్రాంతమున టమాటా తోటలలో పనిచేయు తల్లిదండ్రులకును, నడచి బడికి వచ్చు పిల్లలకును ఎండ తప్పదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు చర్మమును కమల్చి, మంగుమచ్చలను ముదురజేయును. నల్లని మేనికి సహజరక్షణ కొంత గలదు గాని, అది చాలదు.

సన్‌స్క్రీను కొనునపుడు డబ్బాపై నున్న ముద్రను చదువవలెను. ఎస్‌.పి.ఎఫ్‌. 30 గలది చర్మమును కమల్చు కిరణములలో నూటికి 97 పాళ్లు ఆపును. 50 గలది 98 పాళ్లు. ఆ యొక్క పాలు కొరకు వెల రెట్టింపైనచో 30 చాలును. మచ్చలు పుట్టించు కిరణములను గూర్చి తెలుపునది పి.ఏ. గుర్తు, దాని ప్రక్కన మూడు ప్లస్‌లైనను ఉండవలెను. "తెల్లబరచును" అను మాట రక్షణను తెలుపదు. మేనిచాయ దోషమును గాదు.

పూత పలుచనైనచో ఈ లెక్క చెల్లదు. ముఖమునకును మెడకును రెండు వ్రేళ్ల పొడవున, అనగా ఇంచుమించు ఒక గ్రాము, కావలెను. దినమున కొకసారి పూసినచో 50 గ్రాముల ట్యూబు 50 దినములు వచ్చును. ఎండలో నుండువారు రెండు గంటలకు మరల పూయవలెను గనుక ఖర్చు హెచ్చును. కావున గ్రామునకు వెల కట్టి, కొరత లేక పూయగల దానినే కొనుడు. ప్రియమైనదానిని పొదుపుగా పూయుటకంటె చౌకదానిని నిండుగా పూయుట మేలు.

కొనజాలనివారికి గొడుగు, తలగుడ్డ, చెట్టునీడ కలవు. కొన్నవారును వీనిని విడువరాదు.