మురుగు పోతేనే రెండో పంట
బిలాస్‌పూర్ వరి పొలాల్లో నీటి సమస్యకు రెండు ముఖాలు

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ పట్టణం చుట్టుపక్కల వరి రైతును ఏటా రెండు భయాలు వెన్నాడుతుంటాయి. వానలు ముఖం చాటేస్తే పొలంలో తడి నిలవదు. కుండపోతగా కురిస్తే నీరు బయటకు పోదు. సాలీనా సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షపాతంలో అత్యధిక భాగం జూన్-సెప్టెంబర్ నెలల మధ్యనే కురవడం ఇందుకు కారణం.

ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను నాలుగు రకాలుగా గుర్తిస్తారు. మెరక మీది ఎర్ర కంకర నేల ‘భాటా’లో నీరు నిలవదు. దాని దిగువన ‘మటాసీ’, ‘డోర్సా’ నేలలుండగా, పల్లంలోని నల్లరేగడి ‘కన్హార్’లో నీరు ఇంకడం చాలా నెమ్మది.

నీరు నిలిచిన నేలలో వేళ్లకు ప్రాణవాయువు అందదు. వరి దీనిని తట్టుకోగలిగినా శనగ, గోధుమ వంటి పైర్లు తట్టుకోలేవు. పైగా వేసిన నత్రజనిలో కొంత వాయురూపంలో వృథా అవుతుంది. వరి కోతకు ముందే తేమ నేలలో తివడా గింజలు చల్లే ‘ఉతేరా’ పద్ధతి ఇక్కడ అనాదిగా ఉంది. కృష్ణా డెల్టాలో వరిచేలో మినుము చల్లడం వంటిదే ఇది. నీటిని ఆలస్యంగా తీస్తే విత్తనం కుళ్లుతుంది. తొందరపడి తీస్తే మొలకకు తడి చాలదు.

మురుగు నీటిని తొలగించినంత మాత్రాన సమస్య తీరదు. ఆ నీటితోపాటు నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు వాగులకు, చెరువులకు చేరే ప్రమాదమున్నది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ సందర్భంగా గమనార్హం. ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరులో 1990 దశకం చివర ఇండో-డచ్ పథకం కింద, బాపట్ల శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో భూమి లోపల మురుగు గొట్టాలు వేశారు. చవుడు తగ్గి, వరి దిగుబడి పెరిగింది. అయితే బిలాస్‌పూర్ పల్లపు నేలల బెడద చవుడు కాదు, నిలిచిన వాననీరు. అందువల్ల ఇక్కడ ఖర్చుతో కూడిన గొట్టాలకన్నా గట్లకు తూములు, ఉపరితల కాల్వలే ముందుగా అవసరం.

ఒక రైతు గట్టు తెగ్గొడితే ఆ నీరు దిగువ రైతు చేలో పడుతుంది. కనుక కాల్వ ఊరంతటికీ ఉమ్మడిగా ఉండాలి. తీసిన నీటిని దిగువ కుంటలో నిల్వ చేసుకుంటే వాగులో కలిసే ఎరువు తగ్గడమేగాక, రబీ పైరుకు ఒక తడి కూడా దక్కుతుంది.