పెళ్లికూతురి ముఖంలో నవ్వేదీ?

పెళ్లంటే పందిరి, మేళం, భోజనాల సందడి ఊరందరికీ కనిపిస్తాయి. పెళ్లికూతుర్ని చేసే గది మాత్రం ఆడవారిదే. నలుగు పెట్టి, తలంటి, జడ వేసే ఆ గదిలోకి మగవారు తొంగిచూడరు. అలాంటి గదిని ఒక స్త్రీయే బొమ్మగా గీసి లోకానికి చూపించారు. ఆమె అమృతా షేర్‌గిల్. చిత్రం పేరు ‘బ్రైడ్స్ టాయ్‌లెట్’. పెళ్లికూతురి అలంకరణ అన్నమాట. 1937లో తైలవర్ణాలతో గీసిన ఈ చిత్రం ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది.

నడుమ పెళ్లికూతురు కూర్చుని ఉంది. పసిమి ఛాయ. చుట్టూ ఉన్నవారు ఆమెకన్నా నలుపు. ఒకామె వెనుక చేరి జుట్టు సవరిస్తోంది. పెళ్లికూతురి అరచేతులు గోరింటాకుతో ఎర్రబడ్డాయి. నగల ధగధగలు లేవు. కేలండర్లలో లక్ష్మీదేవి మనవైపు చూసి చిరునవ్వు నవ్వుతుంది కదా, ఆ బొమ్మలకు అలవాటైన కంటికి ఇది వింతగా తోస్తుంది. ఇక్కడ ఎవరూ నవ్వరు. ఒకే గదిలో ఉన్నా ఎవరి ధ్యాస వారిది.

అమృత 1913లో బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి పంజాబీ సిక్కు, తల్లి హంగరీ దేశస్థురాలు. చదువు పారిస్‌లో. 1936 చివర అజంతా, ఎల్లోరా గుహలు చూసి, దక్షిణాదిన కన్యాకుమారి వరకు తిరిగారు. సిమ్లాకు తిరిగి వెళ్లాక గీసిన మూడు పెద్ద చిత్రాలలో ఇదొకటి. సన్నని వివరాలు తగ్గించి, మనుషులను నిండైన రంగుల్లో నిలబెట్టే పద్ధతి అజంతా గోడల నుంచి వచ్చిందే. ఆ రోజుల్లో ఆమె చిత్రాలు సరిగా అమ్ముడుపోలేదు. హైదరాబాదులో నవాబు సాలార్‌జంగ్ కూడా చూసి తిప్పి పంపారు. 1941లో 28వ ఏట ఆమె లాహోరులో మరణించారు. ఆమె 1937లోనే గీసిన మరో చిత్రం ‘స్టోరీ టెల్లర్’ 2023లో వేలంలో రూ.61.8 కోట్లు పలికింది!

ఇంతకీ ఈ పెళ్లికూతురి దిగులేమిటి? పుట్టింటిని విడిచే బెంగ అనుకోవచ్చు. కానీ ఆ చేతులు చూడండి. గోరింటాకు పెట్టిన పూట ఆడపిల్ల మంచినీళ్లు తాగాలన్నా ఇంకొకరు గ్లాసు అందించాలి. ఇక్కడ జుట్టు కూడా మరొకరి చేతిలోనే ఉంది. పెళ్లికొడుకును చూసేదీ, కట్నం మాట్లాడేదీ, ముహూర్తం పెట్టేదీ పెద్దలు. తన పెళ్లిలో తను చేయవలసిన పని, కదలకుండా కూర్చోవడం ఒక్కటే. చిత్రకారిణి ఈ మాట ఎక్కడా రాసిపెట్టలేదు, చూసినవారికి తోచేదే.

ఛాయల తేడా కూడా ఊరికే వచ్చినది కాదనిపిస్తుంది. తెల్లని పిల్ల పీటమీద, నల్లనివారు సేవలో. ‘పిల్ల ఎరుపేనా?’ అన్న ప్రశ్న పెళ్లిచూపుల్లో మన ఇళ్లలో ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. పెళ్లికూతురి జడ అల్లుతున్న ఆ నల్లనమ్మాయి పెళ్లి ఎలా జరిగిందో, అసలు జరిగిందో లేదో!