ఆకాశంలో పొగ - నేల మీద కూలి

మార్గశిరంలో తెల్లారగట్ల కోతకు బయల్దేరితే పొలాల మీద బూడిదరంగు తెర పరుచుకుని ఉంటుంది. మంచే అనుకుంటాం. పొద్దెక్కాక మంచు విడిపోతుంది గానీ తెర పూర్తిగా పోదు. అందులో పొగ ఉంది, మసి ఉంది, దుమ్ము ఉంది. అది ఎంత ఎత్తుదాకా ఉందో, ఎంత దూరం పోతోందో నేల మీద నిలబడి చెప్పలేం. అది తేల్చడానికే శాస్త్రజ్ఞులు విమానాలెక్కారు.

1999 జనవరి నుంచి మార్చి వరకు హిందూ మహాసముద్రం మీద 'ఇండోఎక్స్' అనే పరిశోధన జరిగింది. మన దేశపు శాస్త్రజ్ఞులూ, అమెరికా, ఐరోపా శాస్త్రజ్ఞులూ కలిసి పనిచేశారు. నడిపించిన వారిలో వి. రామనాథన్ ఒకరు. మాల్దీవుల నుంచి విమానం లేపి, ఎత్తులు మార్చుకుంటూ సముద్రం మీద తిప్పారు.

గాలిలో మసిని ఎలా లెక్కపెడతారు? విమానం బయటికి పొడుచుకొచ్చిన గొట్టం గుండా గాలి లోపలికొస్తుంది. రేణువులు ఒక్కొక్కటే లేజర్ వెలుగును దాటుతాయి. అవి చిమ్మే వెలుతురును బట్టి వాటి సైజూ, సంఖ్యా తెలుస్తాయి. ఇంకో పరికరంలో గాలిని వడపోత కాగితం గుండా లాగుతారు. కాగితం ఎంత నల్లబడితే అంత మసి. అయితే సెకనుకు దాదాపు 100 మీటర్ల వేగంతో పోయే విమానంలో పెద్ద రేణువులు గొట్టం గోడలకే కొట్టుకుని ఆగిపోతాయి. అందుకని గాలి వేగం తగ్గించి లోపలికి పంపే ఏర్పాటు చేసుకోవాలి.

ఏం తేలింది? చలికాలంలో మన ఉపఖండపు పొగ సముద్రం మీద వేల కిలోమీటర్లు పరుచుకుంటోంది. మందం సుమారు 3 కిలోమీటర్లు. కిందికి చేరాల్సిన ఎండలో కొంత అదే మింగేస్తోంది. 2006లో అక్కడే, మనిషి లేని చిన్న విమానాలు మూడింటిని ఒకదాని పైన ఒకటిగా ఎగరేసి, మసి ఎండను పీల్చి పైగాలిని వేడెక్కిస్తోందని కొలిచి చూపారు.

ఎక్కడో సముద్రం మీది సంగతి మనకెందుకు అనుకోవద్దు. మబ్బులో ఆవిరి చుక్క కట్టాలంటే ఒక రేణువు ఆసరా కావాలి. రేణువులు మరీ ఎక్కువైతే ఉన్న తడినే అన్నీ పంచుకుంటాయి. చుక్కలు చిన్నవై వాన మొదలవడం ఆలస్యమవుతుంది. 2009లో పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ హైదరాబాదుతో సహా పలుచోట్ల నుంచి విమానం నడిపి మబ్బుల్లో ఈ సంగతినే పరిశీలించింది. పొగతెర, భూమిని వేడెక్కించే వాయువులు కలిసి మన ఖరీఫ్ వరి దిగుబడిని తగ్గించాయని 2006 నాటి ఒక అధ్యయనం లెక్కకట్టింది. పంట తగ్గితే రైతుకు అప్పు, కూలికి పస్తు.

మరి ఈ పొగ ఎవరిది? మాల్దీవుల్లోనూ, పుణే దగ్గర సింహగఢ్ కొండ మీదా పట్టిన మసిని పరీక్షించగా, సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు కట్టెలు, పిడకలు, పంట మోళ్ల వంటివి కాల్చగా వచ్చిందేనని 2009లో ప్రకటించారు. మిగతాది బొగ్గూ, డీజిలూ. ఇంకేం, తప్పంతా పల్లెటూరి పొయ్యిదే అనేవాళ్లుంటారు. నిజమే, పొయ్యి పొగ కూడా ఉంది. కానీ ఆ పొగ ముందు దూరేది పొయ్యి ఊదే ఆడకూలీ ఊపిరితిత్తుల్లోకే. ఆమె సరదాకి కట్టెలు కాల్చడం లేదు. గ్యాసు కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, బండ నింపుకోవడానికి కూలి డబ్బులు చాలాలి కదా! గంజి కాచుకునే పొయ్యినీ, లాభం పండించుకునే పొగగొట్టాన్నీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు.

విమానం ఆకాశాన్ని కొలిచింది. ఇక నేల మీద కొలవాలి. థర్మల్ కేంద్రాల చుట్టూ, కంకర మిల్లుల దగ్గర, రైసు మిల్లుల్లో మనం పీల్చే గాలిని కొలిచి, ఆ లెక్క పంచాయతీ గోడ మీద రాయించాలి. కూలికి అందే ధరకు గ్యాసు ఇప్పించాలి. కాల్చకుండా మోళ్లు తీయడానికయ్యే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. గ్రామసభల్లో మనం ఇవే అడగాలి, అందరం కలిసి అడగాలి.