పాము కాటు - డాక్టరు లెక్క

మన ఐరాల మండలంలో చెరకు తోటల్లోకి, చెనిక్కాయ చేలల్లోకి పోయేవాళ్లకు పాము కొత్త కాదు. కరిచినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు వెంటనే సూది వేయకుండా పడుకోబెట్టి చూస్తుంటారు. మనవాళ్లకు కోపం వస్తుంది. కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. పదో తరగతి సంభావ్యత చదివినవాళ్లకు తేలిగ్గానే తెలుస్తుంది కనుక రాస్తున్నాం.

కరిచిన ప్రతి పామూ విషం ఎక్కించదు. విషానికి విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అది కొందరికి పడదు, ఊపిరాడకుండా పోయి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే వైద్య పుస్తకాల్లో దీన్ని చెట్టులాగా గీస్తారు. ఒక కొమ్మ 'మందు ఇవ్వడం', ఇంకొకటి 'కాచుకుని చూడడం'. రెండూ మళ్లీ 'విషం ఎక్కింది', 'ఎక్కలేదు' అని చీలుతాయి. దీని పేరు డెసిషన్ ట్రీ.

అమెరికా డాక్టర్లు పాకర్, కాసిరర్ 1975లో దీనికి చిన్న సూత్రం చెప్పారు. నష్టాన్ని, నష్టం లాభం రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. విషం ఎక్కి ఉండే సంభావ్యత అంతకన్నా ఎక్కువైతే మందు ఇవ్వాలి. విషం ఎక్కనివాడికి మందు చేసే నష్టం 1, ఎక్కినవాడికి చేసే మేలు 9 అనుకుందాం. గీత నూటికి 10 దగ్గర పడుతుంది. నష్టం 3 అనుకుంటే 25 దగ్గర. (ఇవి లెక్క కోసం మేము వేసుకున్న అంకెలే.) సంభావ్యత 15 అయితే రెండు లెక్కలూ రెండు జవాబులిస్తాయి. 60 అయితే రెండూ మందు ఇవ్వమనే అంటాయి, ఇక నష్టం 1 అని, 3 అని వాదించుకోనక్కరలేదు. ఇలా అంకెను అటూ ఇటూ జరిపి నిర్ణయం మారుతుందా అని చూడడమే సెన్సిటివిటీ ఎనాలిసిస్.

పిచ్చికుక్క కాటులో ఏ అంకె జరిపినా జవాబు మారదు. రేబీస్ లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు లేదు, టీకా వల్ల నష్టం చాలా తక్కువ. 'అది పిచ్చిదేనా?' అని రచ్చబండ దగ్గర తేల్చుకునేదాకా ఆగనవసరం లేదు.

పాము కాటులో సంభావ్యతే తేలాలి. అందుకే కొంచెం రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టే, మందు మొదలు. గడ్డకడితే కాచుకుని మళ్లీ పరీక్షిస్తారు.

కట్లపాముతోనే చిక్కు. దాని విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కూడా కనబడకపోవచ్చు. చాపల మీద పడుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తెల్లవారుజామున ఎవరికైనా కడుపునొప్పితో రెప్పలు వాలిపోతున్నా, మింగుడు పడకపోయినా వెంటనే వార్డెన్‌ను లేపండి. రెప్పలు వాలాక గాజు గొట్టం ఏం చెప్పినా డాక్టరు మందు ఇస్తారు.