తుపాను వార్తల ఎడిటింగ్‌లో విజువల్ ఎఫెక్ట్స్ - పాటించవలసిన మెళకువలు

నాయుడుపేట: స్వర్ణముఖి నదీ తీరాన, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ఉన్న నాయుడుపేట ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల కాలం ఏటా ఒక పరీక్ష. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినదని తెలియగానే ప్రజల దృష్టి టెలివిజన్ తెర వైపు మళ్లుతుంది. పడవను ఒడ్డుకు చేర్చాలా, కోసిన పంటను తరలించాలా, ప్రయాణం వాయిదా వేసుకోవాలా అన్న నిర్ణయాలకు ఆ తెరపై కనిపించే దృశ్యాలే అనేకులకు ఆధారం. కనుక ఎడిటింగ్ గదిలో జోడించే బాణం గుర్తు, రంగు, వేగం కూడా వార్తలో భాగమేనని పాత్రికేయులు, అధికారులు గుర్తించవలసి ఉంది.

మ్యాపు ఏమి చెప్పాలి?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తీవ్ర తుపాను బాపట్లకు దక్షిణంగా, సమీపంలో తీరం దాటింది. అంతకు ముందు అది నెల్లూరు తీరానికి దాదాపు సమాంతరంగా ఉత్తర దిశగా పయనించి, దక్షిణ కోస్తాలో భారీ వర్షాలు కురిపించింది. ఇట్టి సందర్భంలో బాపట్ల వైపు ఒక్క బాణం గీచి చూపిన మ్యాపులో తప్పు ఉండదు గాని, దానిని చూసిన నాయుడుపేట వాసి తనకు ప్రమాదం లేదని భావించే అవకాశం ఉంది. తీరం దాటే ప్రదేశాన్ని, వర్షపాత ప్రాంతాన్ని, ఈదురుగాలుల ప్రాంతాన్ని వేర్వేరుగా చూపడమే సరైన పద్ధతి.

తుపాను గమనాన్ని సూచించే శంఖాకార చిత్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తుపాను కేంద్రం ఏ పరిధిలో పయనించవచ్చునో ఆ చిత్రం తెలుపుతుంది. దానిని తుపాను పరిమాణంగా వివరించరాదు.

రంగులకు నిర్ణీత అర్థం

భారత వాతావరణ శాఖ హెచ్చరికలలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులను వినియోగిస్తుంది. హెచ్చరిక ఏదీ లేదనుటకు ఆకుపచ్చ, పరిస్థితిని గమనిస్తూ ఉండుటకు పసుపు, సన్నద్ధతకు నారింజ, తక్షణ చర్యకు ఎరుపు సంకేతాలు. ఆకర్షణ కోసం మ్యాపు అంతటికీ ఎరుపు రంగు పులిమినట్లయితే, నిజముగా ఎరుపు హెచ్చరిక వచ్చిన నాడు దానికి విలువ ఉండదు. పసుపు హెచ్చరిక ఉన్న మండలాన్ని పసుపులోనే చూపాలి.

తేదీ, సమయం లేని దృశ్యం

పాత వరద దృశ్యాలను కొత్త వార్తకు జతపరచుట అన్నింటికన్నా ప్రమాదకరం. విపత్తు ముగిసిన తరువాత కూడా అవే దృశ్యాలు రోజుల తరబడి ప్రసారమగుట వలన వీక్షకులలో అయోమయం, భయాందోళనలు కలుగుతున్నవి. ఈ కారణంగానే ప్రకృతి వైపరీత్యాలు, పెద్ద ప్రమాదాల దృశ్యాలపై తేదీ, సమయం తెర పైభాగాన చూపవలసిందిగా కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 ఆగస్టులో ప్రైవేటు ఉపగ్రహ ఛానళ్లకు సూచించింది. తేదీ, సమయంతో పాటు ఊరి పేరు కూడా ఉండుట మేలు. చప్టాపై నీరు పొర్లుతున్న దృశ్యం ఏ ఊరిదో, ఏ గంటకు తీసినదో తెలిసినప్పుడే అది బాటసారికి ఉపకరిస్తుంది. ఫైల్ విజువల్స్ వాడక తప్పనప్పుడు, అవి తెరపై ఉన్నంతసేపూ ఆ మాట కనిపించాలి.

వేగం, పునరావృతం

ఒకే అలను పదే పదే చూపినప్పుడు అది పది అలలుగా తోస్తుంది. స్లో మోషన్‌లో సాధారణ ప్రవాహం కూడా ఉధృతంగా కనిపించవచ్చు. రంగు మార్చి మబ్బును మరింత నల్లగా చూపుట కూడా వాస్తవాన్ని వక్రీకరించుటయే. గట్టుకు గండి ఎక్కడ పడినదో చూపుటకు వృత్తం గీయుట, ఒకే వంతెనను వరదకు ముందు, తరువాత పక్కపక్కన చూపుట మాత్రం వీక్షకుని అవగాహనకు తోడ్పడే ప్రయోగాలు. మృతుల ముఖాలు మసకపరచుట మానవతా ధర్మం. దృశ్యాల మధ్య సాదా కట్ సరిపోయిన చోట మెరుపులు, గిరగిరలు అనవసరం.

యానిమేషన్‌కు స్థానం

కెమెరా వెళ్లలేని చోట యానిమేషన్ ఎంతో ఉపయుక్తం. నాయుడుపేటకు సమీపాన గల శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఇందుకు ఉదాహరణ. ఆగస్టు 23న చంద్రునిపై ల్యాండర్ దిగుతుండగా ప్రత్యక్ష ప్రసారంలో కనిపించిన ల్యాండర్ రూపం కంప్యూటర్‌తో రూపొందించిన చిత్రణ. దిగే సమయంలో ల్యాండర్ కెమెరా తీసిన వీడియోను ఇస్రో మరునాడు విడుదల చేసింది. రెండూ విలువైనవే. అయితే ఏది చిత్రణ, ఏది కెమెరా దృశ్యం అన్నది వీక్షకునికి తెలియజేయాలి. వరద ముంపును ఊహించి చూపే యానిమేషన్లకు ఈ నియమం మరింత వర్తిస్తుంది.

అధికారుల సహకారం

ఈ జాగ్రత్తలు ఫలించుటకు అధికారుల తోడ్పాటు కూడా అవసరం. మండల, డివిజన్ స్థాయిలో విడుదల చేసే ప్రతి వీడియోకు గ్రామం, తేదీ, చిత్రీకరించిన సమయం జతపరచాలి. నీరు తగ్గి రాకపోకలు పునరుద్ధరించిన వెంటనే ఆ దృశ్యాలను కూడా అంతే వేగంగా అందజేయాలి. కొత్త దృశ్యం అందనంత వరకు పాత దృశ్యమే తెరపై తిరుగుతూ ఉంటుందన్న సంగతిని విస్మరించరాదు.